సూచిక లేని కాగితం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. డి.ఆర్. బకాయిల గురించో, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించో మాట్లాడతానని మీరంతా అనుకుని ఉంటారు. వాటి మీద నాకన్నా బాగా చెప్పగల సమర్థులు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఎన్నుకున్న విషయం వేరు. మన మనవలు, మనవరాళ్ళు బడిలో ఇచ్చే ప్రాజెక్టులను ఇంటర్నెట్టు చూసి ఎలా తయారుచేస్తున్నారు, అందులో మనబోటి వాళ్ళు చెయ్యదగిన పని ఏమైనా ఉందా అన్నది. ఉన్నదని నా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాను.

మనం చదువుకున్న రోజుల్లో ప్రాజెక్టు అంటే నాగార్జునసాగరే. బడిలో ప్రాజెక్టు అనే మాట మనకు తెలియదు. పాఠం చదవడం, ప్రశ్నలకు జవాబులు రాయడం, అంతే. మన పిల్లల కాలానికి ఛార్టు కాగితాలు, స్కెచ్ పెన్నులు వచ్చాయి. గాంధీగారి బొమ్మ కావాలంటే బడి పక్క కొట్టుకు వెళితే దొరికేది. ముందు బొమ్మ, వెనక నాలుగు ముక్కల జీవిత చరిత్ర. బొమ్మ అంటించి, వెనక ఉన్నది చూసి రాసేవాళ్ళు. కాబట్టి చూసి రాయడం ఇప్పుడు కొత్తగా వచ్చిన రోగమేమీ కాదు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది. అప్పట్లో టెలిఫోను తీగ ఉన్నవారికే ఆ యోగం. తరువాత వీధికొక నెట్ సెంటరు వచ్చింది, గంటకింత అని తీసుకునేవారు. 2016 నుంచి ఫోనులోనే చవకగా అందింది. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూసేసినప్పుడు, పిల్లల చేతికి ఫోను ఇవ్వొద్దన్న మనమే పాఠాల కోసం ఫోను కొనిచ్చాము. అలా ఇచ్చిన ఫోను మళ్ళీ వెనక్కి రాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా మనవరాలు ఇప్పుడు తొమ్మిదో తరగతి. కిందటేడు సోషల్ టీచరు గారు 'ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన విధం' అని ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఎనిమిది పేజీలు, వారం గడువు. ఆరు రోజులు ఆ ఊసే లేదు. ఏడో రోజు రాత్రి భోజనాలయ్యాక ఫోను పట్టుకుని కూర్చుంది. గంట తిరిగేసరికి ఎనిమిది పేజీలూ పూర్తి. ఎనిమిది పేజీల డ్రాఫ్టు గంటలో పుటప్ చేసిన గుమాస్తాను నా సర్వీసులో నేను ఎరగను. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

నాలుగు రోజుల తరువాత ప్రాజెక్టు వెనక్కి వచ్చింది. మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ఒక మాట ఉంది: "ఇదే ప్రాజెక్టు ఇంకో నలుగురు ఇచ్చారు. ఇది నీ మాటేనా?" పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రాత్రి నేను వెళ్ళి పక్కన కూర్చుంటే కళ్ళు తుడుచుకుని ఒకటే అడిగింది. "నేను తప్పేం చేశాను తాతయ్యా? అక్కడ ఉన్నదే కదా రాశాను?"

ఆ ప్రశ్నకు నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. ఉన్నదే రాసింది. మరి లోపం ఎక్కడ? ప్రాజెక్టు తీసుకుని మొదటి నుంచి చదివాను. మూడో పేజీలో పొట్టి శ్రీరాములు గారు 56 రోజులు నిరాహారదీక్ష చేశారని ఉంది. ఆరో పేజీలో 58 రోజులని ఉంది. ఒకచోట ఆంధ్రప్రదేశ్ కోసం దీక్ష అని, ఇంకోచోట ఆంధ్ర రాష్ట్రం కోసమని ఉంది. రెండు మూడు చోట్ల నుంచి తెచ్చి అతికిందన్నమాట.

"ఈ రెండింటిలో ఏది నిజం తల్లీ?" అన్నాను.

"రెండూ గూగుల్లోనే ఉన్నాయి తాతయ్యా" అంది.

మిత్రులారా, మన ఆఫీసు కాగితం ఎలా ఉండేదో మీకు వేరే చెప్పనక్కరలేదు. పైన 'విషయము', దాని కింద 'సూచిక'. సూచికలో జి.ఓ. నెంబరు, తేదీ, ఏ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరమో, అన్నీ వరసగా ఉండాలి. సూచిక లేని కాగితాన్ని సూపరింటెండెంటు గారు చదవకుండానే వెనక్కి తోసేవారు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఆ కాగితం ఫైలులో ఎన్నో పేజీలో ఉంది అని నోటు ఫైలు మార్జినులో వేస్తేనే సంతకం పడేది. అప్పట్లో విసుక్కున్నాం గాని, ముప్పయ్యేళ్ళకు పైగా మనం చేసిన పని అదే. ప్రతి మాటకూ ఆధారం చూపించడం. మా మనవరాలి ఎనిమిది పేజీల్లో అది ఒక్కటే లేదు.

ఆ రాత్రి ఇద్దరం కలిసి మొదటి లెక్క తేల్చాము. దీక్ష మద్రాసులో, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో, 1952 అక్టోబరు 19న మొదలైంది. శ్రీరాములు గారు డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఇక గూగుల్ ఎందుకు? వేళ్ళ మీద లెక్కించమన్నాను. అక్టోబరులో 19 నుంచి 31 దాకా 13 రోజులు. నవంబరు 30. డిసెంబరులో 15. మొత్తం 58. పిల్ల రెండుసార్లు కూడి చూసుకుని, 56ను కొట్టేసింది. ఆ కొట్టివేత గీసినప్పుడు దాని ముఖంలో కనిపించిన తృప్తి ముందటి ఎనిమిది పేజీలు రాసినప్పుడు లేదు.

రెండోది, ఏ రాష్ట్రం కోసం అన్నది. ఇక్కడ నేను ఇంటర్నెట్టుకు చేతులెత్తి నమస్కరించాలి. ఆంధ్ర రాష్ట్ర చట్టం, 1953 అనేది ఫోనులోనే దొరికింది. అసలు చట్టం, ఎవరో చెప్పిన కథ కాదు. అందులో నిర్ణీత దినం అంటే 1953 అక్టోబరు 1 అని స్పష్టంగా ఉంది. మద్రాసు రాష్ట్రం నుంచి 11 జిల్లాలు, బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కలిపి కర్నూలు రాజధానిగా ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యింది 1956 నవంబరు 1న. శ్రీరాములు గారు పోయిన నాలుగేళ్ళకు. రాష్ట్రం ఇస్తామని 1952 డిసెంబరు 19న లోక్‌సభలో ప్రధాని నెహ్రూ గారు ప్రకటించారు. ఆనాటి లోక్‌సభ చర్చల సంపుటాలు కూడా పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో పెట్టారు. నా సర్వీసులో ఒక పాత చట్టం ప్రతి చూడాలంటే రికార్డు కీపరు గారిని ఎన్నిసార్లు బతిమాలుకునేవాళ్ళమో గుర్తు చేసుకోండి. ఈనాడు ఎనిమిదో తరగతి పిల్ల మంచం మీద కూర్చుని చూస్తున్నది. ఇది చిన్న విషయం కాదు. అందుకే ఇంటర్నెట్టు పిల్లల్ని పాడుచేస్తున్నదని అనేవారితో నేను ఏకీభవించను.

కాని ఇంటర్నెట్టు ఎటువంటిదో పిల్లలకు ఎవరైనా చెప్పాలి. అది తలుపుకు తాళం లేని రికార్డు రూము. ఎవరైనా లోపలికి వచ్చి ఏ కాగితమైనా పెట్టి పోవచ్చు. ఆర్.డిస్. కింద శాశ్వతంగా ఉంచవలసిన ఫైలూ, చించి పారెయ్యవలసిన చిత్తు కాగితమూ ఒకే బీరువాలో ఉంటాయి. వెతికితే పైన కనిపించేది ఎక్కువ నిజమైనదని అర్థం కాదు. ఎక్కువమంది చూసినదో, డబ్బు కట్టి పైన పెట్టించుకున్నదో కూడా అయి ఉండవచ్చు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. జీతం భత్యం లేకుండా ఎందరో రాస్తున్నారు. ఎవరైనా దిద్దవచ్చు కాబట్టి తప్పులూ ఉంటాయి. కాని వ్యాసం చివర 'మూలాలు' అని ఒక పట్టిక ఉంటుంది. అది మన సూచికే. పిల్లలు వ్యాసం చూసి రాసుకుని, ఆ పట్టిక దాకా వెళ్ళకుండా లేచిపోతున్నారు. వెళ్ళవలసింది అక్కడికి.

2022 చివరి నుంచి ఇంకొక కొత్త సౌకర్యం వచ్చింది. ప్రశ్న అడిగితే యంత్రమే చక్కని భాషలో వ్యాసం రాసి ఇస్తుంది. కృత్రిమ మేధ అంటున్నారు. మా మనవరాలు ఒకసారి అటువంటి దాన్ని, ఈ విషయం మీద తెలుగులో ఒక పుస్తకం చెప్పమని అడిగింది. పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం చెప్పింది. నేను గ్రంథాలయానికి వెళ్ళి అడిగాను. లేదన్నారు. నాలుగుచోట్ల వాకబు చేశాను. అటువంటి పుస్తకం ఉన్న జాడ ఎక్కడా లేదు. యంత్రానికి దురుద్దేశం ఏమీ లేదు. మాటలు పేర్చడం దానికి వచ్చు, పేర్చినది నిజమా కాదా అన్నది వేరే చూసుకోవాలి. లేని జి.ఓ. నెంబరు వేసి నోటు పెట్టిన గుమాస్తాను మన రోజుల్లో ఏం చేసేవారు? అందుచేత అది ఇచ్చిన సూచికను కూడా విడిగా సరిచూడనిదే ఎక్కించవద్దని చెప్పాను.

ఇందుకోసం ఒక చిన్న ఏర్పాటు చేశాను. పాత నోటు పుస్తకంలో ఆరు గళ్ళు గీసి రిజిస్టరు తయారుచేశాను. క్రమ సంఖ్య, విషయం, ఎక్కడ దొరికింది, ఎవరు రాశారు, మనం చూసిన తేదీ, రెండో ఆధారం. తేదీ ఎందుకంటే, ఇంటర్నెట్టులో ఈరోజు ఉన్న పేజీ రేపు ఉండకపోవచ్చు, ఉన్నా మారిపోవచ్చు. రెండో ఆధారం గడి ఖాళీగా ఉంటే ఆ విషయం ప్రాజెక్టులోకి ఎక్కదు. ఆరు గళ్ళూ నిండాక ఫోను మూసేసి, రిజిస్టరు మాత్రమే ముందు పెట్టుకుని సొంత మాటల్లో రాయాలి. ఇదొక్కటే షరతు. మొదట్లో పిల్ల గొణిగింది. ఆ ప్రాజెక్టు మళ్ళీ రాసి ఇచ్చింది. ఈసారి అయిదు పేజీలే వచ్చాయి. మార్కులు మొదటిసారి కన్నా పెద్దగా పెరగలేదు గాని, టీచరు గారు వెనక పేజీలోని సూచికలు తరగతిలో చదివి వినిపించారట.

ఇక నా సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఆ తరువాత రెండు నెలలకు నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. రెండు విడతల డి.ఆర్. విడుదలైంది, వచ్చే నెల పెన్షనులో జమ అని. సంతోషం పట్టలేక నలభై మందికి పంపించాను. ఈ సభలో ఉన్నవారిలో సగం మందికి అందే ఉంటుంది. మా మనవరాలు నా భుజం మీదుగా చూసి, "తాతయ్యా, సూచిక ఏదీ?" అంది. చూద్దును గదా, జి.ఓ. నెంబరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. ముప్పయ్యేడేళ్ళ సర్వీసు చేసినవాణ్ణి, ఆ పూట ఆ పిల్ల ముందు తలవంచుకున్నాను. నలభై మందికీ మళ్ళీ క్షమాపణ పంపించాను. పిల్లలకు చెప్పేముందు మనమూ ఆ రిజిస్టరు వాడాలని అప్పుడు తెలిసింది.

ఈ సంవత్సరం దానికి 'తుపానులు' అనే ప్రాజెక్టు ఇచ్చారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తీసుకుంది. ఇంటర్నెట్టులో వెతికితే సుమారు పదివేల మంది చనిపోయారని, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువని ఉంది. రిజిస్టరులో రాసుకుంటూ తల ఎత్తకుండానే, "అప్పుడు మీరు ఎక్కడున్నారు తాతయ్యా?" అని అడిగింది.

నేను అక్కడే ఉన్నాను. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. గుమాస్తాలను సహాయ శిబిరాలకు పంపితే నాకు అవనిగడ్డ పడింది. నాకిచ్చిన పని జాబితాలు రాయడం. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు. ఒక సాయంత్రం నాగాయలంక వైపు నుంచి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఏడు పేర్లు చెప్పాడు, పెద్దవాళ్ళతో మొదలుపెట్టి చంటిపిల్ల దాకా. తడబడకుండా చెప్పాడు. నేను రాశాను. రాయడం అయ్యాక ఆయన కదలలేదు. "ఒకసారి మళ్ళీ చదవండి బాబూ" అన్నాడు. చదివాను. ఏడు పేర్లూ విని, తల ఊపి, వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆయన్ను నేను చూడలేదు.

నలభై ఏళ్ళు దాటినా ఈ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు, నా కొడుకుకూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఆ రోజు చెప్పాను. పిల్ల రాసుకుంది. నాగాయలంక మండలం అని నేను అంటే ఆపి, "మండలాలు 1985లో వచ్చాయని నిన్న చూశాను తాతయ్యా, అప్పుడు తాలూకా కదా" అంది. నిజమే. దివి తాలూకా. మన జ్ఞాపకానికి కూడా రెండో ఆధారం కావాలి, ఒప్పుకున్నాను. చివర సూచికలు రాసేటప్పుడు చూశాను. ఒకటో నెంబరు ఒక ప్రభుత్వ నివేదిక. రెండోది పాత దినపత్రిక. మూడో నెంబరు దగ్గర, "మా తాతయ్య, అప్పుడు అవనిగడ్డ శిబిరంలో గుమాస్తా" అని రాసి, నేను చెప్పిన తేదీ వేసింది.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నది ఇంతే. పదివేలు అనే అంకె ఇంటర్నెట్టులో ఉంది. ఆ అంకె ఏడేసి పేర్లుగా ఎలా పోగయ్యిందో అందులో లేదు. ఈ హాలులో కూర్చున్నవారిలో దివిసీమకు వెళ్ళినవారు ఇంకా ఉండి ఉంటారు. జనాభా లెక్కలకు ఊరూరూ తిరిగినవారు, బ్యాలెట్ పెట్టెలు ఎడ్లబండి మీద మోసుకెళ్ళినవారు, కాలువల కింద శిస్తు వసూలు చేసినవారు ఉన్నారు. మన రిటైర్మెంటుతో మన ఫైళ్ళు మూతపడ్డాయని అనుకున్నాము. పిల్లలు అడిగితే మనమూ ఒక సూచికే. అడగకపోతే మనమే కూర్చోబెట్టి చెప్పాలి.

చివరిగా రెండు విన్నపాలు. ఒకటి, మీ ఇంట్లో పిల్లలు ప్రాజెక్టు చేస్తున్నప్పుడు అరగంట పక్కన కూర్చోండి. ఫోను వాడటం మీకు రాకపోయినా ఫరవాలేదు. "ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఇంకెక్కడ ఉంది" అని మూడు ప్రశ్నలు అడగడం వస్తే చాలు. అవి మనకు వచ్చినంతగా ఇంకెవరికీ రావు.

రెండోది సంఘానికి విన్నపం. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన కొడుకు మా మనవరాలి ఈడువాడే, ప్రభుత్వ పాఠశాలలో చదువుతున్నాడు. వాళ్ళింట్లో ఉన్నది ఒకటే ఫోను. అది తండ్రి దగ్గర ఉంటుంది. ప్రాజెక్టు ఇచ్చినప్పుడల్లా ఆ పిల్లవాడు మా గుమ్మం దగ్గర నిలబడి, "ఒక్క పది నిమిషాలు ఫోను ఇస్తారా తాతగారూ" అని అడుగుతాడు. ఇస్తాను. కాని అలా నిలబడలేక ఆగిపోయే పిల్లలు ఎందరో! మన సంఘం గదిలో పెన్షను కాగితాల కోసం కొన్న కంప్యూటరు ఉన్నది. శనివారం మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు చుట్టుపక్కల పిల్లలకు ఆ గది తెరిచి ఉంచితే, కరెంటు ఖర్చు తప్ప మనకు పోయేదేమీ లేదు. పక్కన కూర్చోవడానికి మొదటి నాలుగు శనివారాలు నేను వస్తాను. ఆరు గళ్ళు గీసిన నోటు పుస్తకాలు కూడా నేనే తెస్తాను. తరువాతి వారాలకు పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక కార్యదర్శి గారి దగ్గర ఉన్న కాగితంలో రాయవలసిందిగా కోరుతున్నాను.

పది నిమిషాలు అడిగి ఎక్కువే తీసుకున్నాను.